గుర్తుకు డబ్బు తీసుకోడు

పోర్చుగల్‌లో బొర్బ అనే ఊళ్ళో పాలరాయి చౌక.
గడపలకదే, చేపలమ్మే బల్లలకదే,
ఆఖరికి సమాధులకీ అదే.
జెఫెరీను కొట్టు ముందు
పేరింకా పడని పలకలు
గోడకు జారబడి ఎండ కాగుతుంటాయి.

అక్షరానికి నాలుగు యూరోలు.
అక్షరం నెత్తిన పెట్టే గీతకు, టోపీకి
డబ్బు తీసుకోడు.

మంగళవారం దువార్త్ అనే కుర్రాడొచ్చాడు.
ఫోన్‌లో టైపు చేసిన ఒక్క వాక్యం చూపించాడు.
ఇక్కడ నిద్రపోతున్నది మా అవ్వ
అని అతని ఉద్దేశం.
వేళ్ళ తొందరకి గుర్తులన్నీ రాలిపోయాయి.
జెఫెరీను కళ్ళద్దాలు నుదుటి మీంచి దించి
చదివాడు. మళ్ళీ చదివాడు, ఈసారి పైకి:
"ఇక్కడ నిద్రపోతున్నది మరియు మా వంతు."

అవ్వకూ తాతకూ వాళ్ళకు అవే మూడక్షరాలు, అవో.
చివరి ఒకారం మీద ఏటవాలు గీత గీస్తే అవ్వ.
తలకట్టులా చిన్న టోపీ పెడితే తాత.
ఏదీ పెట్టకపోతే
లెక్కల్లో పదకొండో వంతు, పన్నెండో వంతు అంటామే,
ఆ వంతు.

మనకైతే 'ఉంది' అనకపోయినా వాక్యం నిలబడుతుంది.
ఆమె మా అవ్వ, అంతే,
క్రియ ఏదని అడిగేవాడు లేడు.
వాళ్ళకలా కుదరదు, ఒక ఎకారం కావాలి.
దాని మీద గీత ఉంటే 'ఉంది'.
లేకపోతే 'మరియు'.
మరియు ఏమిటి? ఇంకెవరు?
వాక్యం చెయ్యి చాపుకుని గాల్లో నిలుచుంటుంది.

"అర్థమవుతుందిగా మేస్త్రీ!" అన్నాడు దువార్త్.
(ఆ పిలుపు మనకు వచ్చింది అక్కణ్ణుంచే.)
"బజార్లో జుదీత్ అట్ట మీద
ఒక గీత ఎక్కువ పెట్టింది.
కొబ్బరి కాస్తా కక్క అయి కూర్చుంది.
బడిపిల్లలు వారం రోజులు
ముక్కులు మూసుకుని మరీ ఆ దారంట పోయారు.
అయినా కొనేవాళ్ళు కొన్నారు."

"కొబ్బరి వారంలో అయిపోతుంది" అన్నాడు ముసలాయన.
"నీకు అర్థమవుతుంది నిజమే,
ఆవిడ చేతి వంట తిన్నవాడివి.
దీన్ని తినని వాళ్ళు చదువుతారు."

కొట్టు కట్టేసే వేళ అతణ్ణి స్మశానానికి తీసుకెళ్ళాడు.
మూడో వరస, కుళాయి పక్కన.
ఇరవై నాలుగేళ్ళ వయసులో
తన పెళ్ళి హడావిడిలో
ఇదలీన అవ్వ నెత్తిన తాత టోపీ చెక్కేశాడు.
కొత్త రాయికి వాళ్ళ దగ్గర డబ్బు లేదు,
అతని దగ్గరా లేదు.
పోనీలే నాయనా, దేవుడికి తెలుసుగా, అన్నారు వాళ్ళు.

అప్పట్నుంచి ఏటా నవంబరు ఒకటిన
సున్నంలో రాతిపొడి కలిపి తెస్తాడు.
టోపీకి కుడివైపు వాలు పూడిస్తే చాలు,
ఎడమది అవ్వ గీతే.
ఫిబ్రవరి వానలకి
తాత మళ్ళీ తేలతాడు.
ఆవిడ మనవరాలు పల్లెత్తు మాట అనదు.
చామంతి కుండీ మాత్రం ఎప్పుడూ
సరిగ్గా ఆ అక్షరానికి అడ్డంగా ఉంటుంది.

దువార్త్ కుండీ జరిపి చూశాడు.
చూసి, నేల మీద తడి వలయం వెతికి
అచ్చంగా అక్కడే పెట్టేశాడు.

మర్నాడు కాగితం మీద పెన్నుతో రాసుకొచ్చాడు.
రెండు గీతలూ మరీ లావుగా, మరీ పొడుగ్గా,
గాలికెక్కడ ఎగిరిపోతాయో అన్నట్టు.
జెఫెరీను వేలు పెట్టి లెక్కపెట్టాడు.
"ఇరవై రెండు అక్షరాలు. ఎనభై ఎనిమిది."
"మరి ఈ రెండూ?"

ముసలాయన అప్పటికే
సన్న ఉలి ఎక్కడ పెట్టాడో
వెతుక్కుంటున్నాడు.